అడిగే గురువు ఉంటే ఆగని చదువు: దంత వైద్య కళాశాలల్లో ‘మెంటార్’ విధానం ఎందుకు, ఎలా?

ఏలూరు: కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చి దంత వైద్య కళాశాలలో చేరిన ఒక విద్యార్థిని ఊహించుకుందాం. పదో తరగతి వరకు ఊరి బడిలో తెలుగు మాధ్యమంలో చదివాడు. ఇంటర్మీడియట్ రెండేళ్లూ వసతి కళాశాలలో గంట కొడితే లేచాడు, గంట కొడితే చదివాడు, గంట కొడితే పడుకున్నాడు. నీట్‌లో ర్యాంకు వచ్చింది గానీ ఎంబీబీఎస్‌కు చాలలేదు. బీడీఎస్‌లో సీటు దొరికింది. తండ్రి చేపల చెరువు మీద అప్పు తెచ్చి ఫీజు కట్టాడు. కళాశాలలో మొదటి వారం నుంచే పాఠాలన్నీ ఇంగ్లిషులో. సగం అర్థం కాలేదు. మైనం దిమ్మ చేతికిచ్చి పన్ను ఆకారం చెక్కమన్నారు. చేయి తిరగలేదు. మొదటి ఇంటర్నల్ పరీక్షలో తప్పాడు. ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం ‘బాగానే ఉంది నాన్నా’ అన్నాడు.

ఆ మాట నిజం కాదని ఎవరికి తెలియాలి? అంత దూరంలో ఉన్న తండ్రికి తెలిసే వీలు లేదు. తోటివారికి చెప్పుకోవడానికి విద్యార్థికి సిగ్గు. వంద మందికి ఒకేసారి పాఠం చెప్పే అధ్యాపకునికి ఆ కుర్రవాడు హాజరు పట్టీలో ఒక నంబరు మాత్రమే. ఈ లోటును పూడ్చడానికి ఉద్దేశించినదే అధ్యాపక-విద్యార్థి ‘మెంటార్’ విధానం. కొద్దిమంది విద్యార్థుల బాగోగులను ఒక అధ్యాపకునికి పేరుపేరునా అప్పగించడం దీని సారాంశం.

ఉభయ జిల్లాల విద్యార్థులకు దంత వైద్య విద్య కొత్త కాదు. ఏలూరు శివారు దుగ్గిరాలలో సెయింట్ జోసఫ్ దంత వైద్య కళాశాల, భీమవరంలో విష్ణు దంత వైద్య కళాశాల ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో మొదటిది ఏలూరు జిల్లాలోకి, రెండోది పశ్చిమ గోదావరి జిల్లాలోకి వచ్చాయి. తాడేపల్లిగూడెం విద్యార్థి ఇటు ఏలూరుకు రైలెక్కినా, అటు భీమవరానికి బస్సెక్కినా దంత వైద్యం చదువుకునే వీలుంది. ఏటా పిల్లలను ఇలాంటి కళాశాలలకు పంపే కుటుంబాలు మెంటార్ విధానం గురించి తెలుసుకోవడం అవసరం. ప్రవేశాల సమయంలో ఫీజు ఎంత, హాస్టల్ ఎలా ఉంది అని అడిగే తల్లిదండ్రులు ‘మా పిల్లవాడికి మెంటార్ ఎవరు?’ అని అడగడం అరుదు.

అసలేమిటీ విధానం?

మెంటార్ అనే పేరు గ్రీకు పురాణగాథల నుంచి వచ్చింది. ట్రాయ్ యుద్ధానికి బయలుదేరిన ఒడిస్యూస్ తన ఇంటిని నమ్మకమైన మిత్రునికి అప్పగించి వెళ్లాడు. ఆ మిత్రుని పేరే మెంటార్. మన గురుకుల సంప్రదాయంలో గురువు పాఠంతో పాటు శిష్యుని మంచిచెడ్డలూ చూసేవాడు. తరగతి గదిలో వంద మంది చేరాక ఆ రెండో పని వెనుకబడింది. దానినే ఇప్పుడు ఒక పద్ధతి ప్రకారం తిరిగి అధ్యాపకునికి అప్పగిస్తున్నారు.

మెంటార్ ట్యూషన్ చెప్పే మాస్టారు కాదు, హాస్టల్ వార్డెన్ కాదు, మానసిక వైద్యుడూ కాదు. విద్యార్థిని క్రమం తప్పకుండా కలిసి, చదువు ఎలా సాగుతోందో, నిద్రాహారాలు ఎలా ఉన్నాయో, ఇంటి దగ్గర ఇబ్బందులు ఏమైనా ఉన్నాయో కనుక్కోవడం ఆయన పని. తాను తీర్చగలిగినది తీర్చాలి. తీర్చలేనిదాన్ని తగినవారి దగ్గరకు చేర్చాలి. విద్యార్థి వచ్చి చెప్పుకునే వరకు ఆగకుండా, తానే ముందుగా అడగడం ఇందులో ముఖ్యం. చిక్కుల్లో పడ్డ విద్యార్థి తనంతట తాను గడప తొక్కడం తక్కువ.

దంత విద్యలో ఎందుకింత అవసరం?

బీడీఎస్ నాలుగేళ్ల చదువు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్. ఈ ఐదేళ్లలో ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో రకం కష్టం ఎదురవుతుంది.

మొదటి ఏడాది శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, జీవ రసాయన శాస్త్రం, దంత నిర్మాణ శాస్త్రం ఉంటాయి. ఇంటర్‌లో బహుళైచ్ఛిక ప్రశ్నలకు అలవాటు పడ్డ విద్యార్థి ఇక్కడ పేజీలకు పేజీలు వ్యాసరూపంలో రాయాలి. మైనంతో పళ్లు చెక్కడం కూడా ఈ ఏడాదే మొదలవుతుంది. ఎంత చదివినా చేతికి రాని విద్య ఒకటి ఉంటుందని తెలివైన విద్యార్థికి మొదటిసారి తెలిసివచ్చేది అప్పుడే. అది సాధనతో వస్తుందని, మొదట్లో అందరూ పాడుచేస్తారని చెప్పే పెద్ద దిక్కు లేకపోతే ‘నేను దీనికి పనికిరాను’ అనే నిర్ణయానికి వచ్చేస్తాడు.

దీనికి తోడు ‘ఎంబీబీఎస్ రాలేదు’ అనే వెలితి. రెండు కోర్సులకూ ప్రవేశ పరీక్ష ఒక్కటే కావడంతో, కొందరు విద్యార్థులు బీడీఎస్‌ను రెండో ఎంపికగానే తీసుకుంటారు. పండగకు ఊరెళితే ‘పళ్ల డాక్టరేనా?’ అనే పలకరింపు తప్పదు. మళ్లీ నీట్ రాయాలా, ఇందులోనే కొనసాగాలా అన్న ఊగిసలాటలో మొదటి ఏడాది కరిగిపోయే ప్రమాదం ఉంది. ఈ సందేహాన్ని తిట్టి పోగొట్టలేరు. రెండు దారుల్లోనూ ఉన్న లాభనష్టాలను కూర్చోబెట్టి వివరించాలి.

రెండో ఏడాది ఔషధ శాస్త్రం, రోగ లక్షణ శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రాలతో పాటు ప్రయోగశాల పని పెరుగుతుంది. బొమ్మ తలకు అమర్చిన పళ్లపై పుచ్చు తొలగించి నింపడం, కట్టుడు పళ్ల సెట్టు అమర్చడం నేర్చుకోవాలి. చేసిన పనిని అధ్యాపకుడు పరిశీలించి సంతకం చేస్తేనే ముందుకు వెళ్లేది. సంతకం కాని పనులు పోగుపడుతున్న కొద్దీ విద్యార్థి ప్రయోగశాలకే ముఖం చాటేస్తాడు. హాజరు తగ్గుతుంది. 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు అనుమతి ఉండదు. చిన్న బెరుకుగా మొదలైనది ఏడాది నష్టంగా ముగుస్తుంది.

ఇక ఆపై తరగతుల్లో కుర్చీలో ఉండేది బొమ్మ కాదు, నొప్పితో వచ్చిన మనిషి. మొదటిసారి మత్తు సూది పట్టుకున్నప్పుడు చేయి వణకడం సహజం. పన్ను తీస్తుండగా విరిగితే రోగి ముందు తడబడటమూ సహజమే. ఒక్కో విభాగంలో ఇన్ని కేసులు పూర్తిచేయాలన్న లెక్క ఉంటుంది. రోగులు తక్కువగా వచ్చే రోజుల్లో ఆ లెక్క పూర్తికాక ఆందోళన మొదలవుతుంది. నాలుగో ఏడాది ఎనిమిది దంత వైద్య విభాగాల పరీక్షలు ఒకేసారి మీదపడతాయి. ఇంటర్న్‌షిప్‌లో ‘తర్వాతేమిటి?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. పీజీ చదవాలా, ఎక్కడైనా సహాయకుడిగా చేరాలా, సొంతూళ్లో క్లినిక్ పెట్టాలా? క్లినిక్ అంటే కుర్చీ, ఎక్స్‌రే, స్టెరిలైజర్, అద్దె అన్నీ పెట్టుబడే.

దంత వైద్య విద్యార్థుల ఒత్తిడి పరిశోధకులకు పాత అంశమే. అమెరికాలో గార్బీ, జుకర్, సెల్బీ అనే పరిశోధకులు 1980లోనే వీరి ఒత్తిడిని కొలవడానికి ప్రత్యేక ప్రశ్నావళి తయారుచేశారు. దాని ఆధారంగా ఆ తర్వాత పలు దేశాల్లో అధ్యయనాలు జరిగాయి. మన దేశంలో జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, సర్వేలో పాల్గొన్న 25,590 మంది వైద్య డిగ్రీ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉన్నట్లు తామే తెలిపారు. ఇవి దంత వైద్య విద్యార్థుల లెక్కలు కావు. అయినా అదే ప్రవేశ పరీక్ష, అదే తరహా హాస్టల్ జీవితం, అదే తరహా పరీక్షలు ఎదుర్కొనేవారి గురించి ఆలోచించడానికి ఈ అంకె చాలు.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

మెంటార్ విధానం కళాశాలల దయాదాక్షిణ్యాలకు వదిలేసిన విషయం కాదు. ర్యాగింగ్ నివారణకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో తెచ్చిన నిబంధనల్లోనే దీని మూలం కనిపిస్తుంది. కొత్తగా చేరినవారిని చిన్న బృందాలుగా విభజించి, ప్రతి బృందాన్ని ఒక అధ్యాపకునికి అప్పగించాలని, ఆయన ప్రతి విద్యార్థితో విడిగా మాట్లాడి ఇబ్బందులు తెలుసుకోవాలని ఆ నిబంధనలు నిర్దేశించాయి. అదే ఏడాది భారత దంత వైద్య మండలి కూడా ర్యాగింగ్ నిరోధానికి సొంత నిబంధనలు తెచ్చింది. ర్యాగింగ్ నిషేధ చట్టం మన రాష్ట్రంలో 1997 నుంచే ఉంది.

కళాశాలలకు గుర్తింపు శ్రేణులిచ్చే న్యాక్ సంస్థ ఒక్కో మెంటార్‌కు ఎంతమంది విద్యార్థులన్న నిష్పత్తిని అడుగుతుంది. 2025 జులై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో మరో మెట్టు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో న్యాయస్థానం దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు జారీచేసింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, చిన్న చిన్న బృందాలకు ప్రత్యేకంగా మెంటార్లను లేదా కౌన్సెలర్లను నియమించాలని, పరీక్షల వేళ, కొత్త దశలోకి అడుగుపెట్టే వేళ వారు మరింత అండగా ఉండాలని పేర్కొంది. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని కూడా ఆదేశించింది.

ఆచరణలో ఎలా సాగాలి?

ఈ విధానాన్ని కొత్తగా ప్రవేశపెట్టే కళాశాల మొదట లెక్క సరిచూసుకోవాలి. ఏటా 100 మంది చేరే చోట నాలుగు తరగతులకు కలిపి 400 మంది ఉంటారు. 40 మంది అధ్యాపకులు బాధ్యత తీసుకుంటే ఒక్కొక్కరికి 10 మంది వస్తారు. 20 మందే తీసుకుంటే ఒక్కొక్కరికి 20 మంది అవుతారు. నెలకు ఒక్కో విద్యార్థితో అరగంట మాట్లాడాలంటే మొదటి పద్ధతిలో అయిదు గంటలు, రెండో పద్ధతిలో పది గంటలు కావాలి. ఈ సమయాన్ని అధ్యాపకుని టైంటేబుల్లో చూపించకుండా ‘ఖాళీ దొరికినప్పుడు చూసుకోండి’ అంటే ఆ ఖాళీ ఎన్నటికీ దొరకదు.

రెండోది కేటాయింపు. ప్రవేశాలు ముగిసిన వెంటనే, తరగతులు మొదలయ్యే నాటికే జాబితా సిద్ధం కావాలి. మొదటి సమావేశంలో విద్యార్థి ఏ మాధ్యమంలో చదివాడు, ఎక్కడ ఉంటున్నాడు, రోజూ ఎంత దూరం ప్రయాణిస్తున్నాడు, ఇంట్లో ఎవరితో మాట్లాడాలి, ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా అన్న వివరాలు నమోదు చేసుకోవాలి. తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వచ్చే విద్యార్థికి, హాస్టల్ గదిలో ఉండే విద్యార్థికి సమస్యలు ఒక్కటి కావు. రైలు ఆలస్యమై మొదటి పీరియడ్ హాజరు పోతున్న విద్యార్థిని బద్ధకస్తుడనుకుంటే అన్యాయం. వర్షాకాలంలో కొల్లేరు పొంగి రోడ్డు మునిగినప్పుడు లంక గ్రామాల విద్యార్థికి ఊరి మీద బెంగ ఉంటుంది. ఇవి మార్కుల పట్టికలో కనిపించవు.

మూడోది క్రమం. నెలకోసారి తప్పనిసరిగా కలవాలి. ప్రతి ఇంటర్నల్ పరీక్ష తర్వాత వారం లోపు మరోసారి కలవాలి. హాజరు ఒక్కసారిగా పడిపోయినా, మార్కులు తగ్గినా, హాస్టల్ భోజనానికి రాకపోయినా ఆ సమాచారం మెంటార్‌కు అదే వారంలో చేరాలి. సంవత్సరాంతంలో తెలిస్తే ఆయన చేయగలిగేది ఏమీ ఉండదు.

నాలుగోది ప్రతిభను గుర్తించడం. మెంటార్ అంటే వెనుకబడినవారికి మాత్రమే అనుకుంటే, ఆయన గదికి వెళ్లడమే నామోషీగా మారుతుంది. కొల్లేటి ఊళ్లలో దంత వైద్య శిబిరం పెట్టినప్పుడు అక్కడి వృద్ధురాలితో ఆమె మాటల్లోనే మాట్లాడి, భయం పోగొట్టి కుర్చీలో కూర్చోబెట్టగలిగేది ఇంగ్లిషులో తడబడే ఆ లంక కుర్రవాడే కావచ్చు. ఆ నేర్పును పేరు పెట్టి మెచ్చుకుంటే, చదువులోనూ అతను నిలదొక్కుకుంటాడు.

ఎక్కడ గాడి తప్పుతుంది?

మెంటార్ విధానానికి మొదటి శత్రువు దస్త్రం. తనిఖీ బృందం వస్తుందంటే ఏడాది డైరీ ఒక్క రాత్రిలో నింపడం, ‘కౌన్సెలింగ్ ఇవ్వడమైనది’ అని వరుసగా రాసి సంతకాలు పెట్టించడం జరిగితే, కాగితం మీద నిష్పత్తి సరిపోతుంది, విద్యార్థి మాత్రం ఒంటరిగానే ఉంటాడు. అటువంటి మెంటార్ అసలు లేనిదానికన్నా నష్టం. ‘నాకొకరు ఉన్నారు, అయినా ఎవరూ అడగలేదు’ అనే భావన విద్యార్థిని మరింత కుంగదీస్తుంది.

రెండో చిక్కు మార్కులది. బీడీఎస్‌లో సిద్ధాంత పరీక్షకు 100 మార్కులైతే అందులో రాత పరీక్షకు 70, మౌఖిక పరీక్షకు 20, ఇంటర్నల్‌కు 10. ప్రాక్టికల్స్‌లోనూ ఇంటర్నల్ మార్కులుంటాయి. ఆ మార్కులు వేసే అధ్యాపకుడే మెంటార్ అయితే ‘సార్, మీ పాఠం అర్థం కావడం లేదు’ అని ఏ విద్యార్థి చెబుతాడు? అందుకే ఆ ఏడాది తనకు పాఠం చెప్పని విభాగం నుంచి మెంటార్‌ను కేటాయించడం మంచిది. మొదటి ఏడాది విద్యార్థికి దంత వైద్య విభాగాల అధ్యాపకుడు మెంటార్‌గా ఉంటే మరో మేలు కూడా ఉంది. తాను చేరబోయే వృత్తి ఎలా ఉంటుందో మొదటి నెల నుంచే అతనికి తెలుస్తుంది. పొసగనప్పుడు కారణం చెప్పనవసరం లేకుండా మెంటార్‌ను మార్చుకునే వెసులుబాటు ఉండాలి. విద్యార్థినులు అధ్యాపకురాలిని కోరుకుంటే ఇవ్వాలి.

మూడో చిక్కు గోప్యత. ఆంతరంగికంగా చెప్పుకున్న మాట మర్నాడు స్టాఫ్ రూములో చర్చకు వస్తే ఆ విద్యార్థి ఇక నోరు విప్పడు, అతణ్ని చూసి మిగతావారూ విప్పరు. చెప్పిన మాట బయటకు పోదని మొదటి రోజే హామీ ఇవ్వాలి. ప్రాణాపాయం సూచించే మాటలు, ర్యాగింగ్, లైంగిక వేధింపులు మాత్రం దాచడానికి వీల్లేనివని కూడా ఆ రోజే స్పష్టంగా చెప్పాలి. అప్పుడు అవసరమై పైవారికి తెలియజేసినా విద్యార్థి దాన్ని నమ్మకద్రోహంగా భావించడు.

నాలుగోది అధ్యాపకుని పరిమితి. దంత వైద్యంలో ఎండీఎస్ చేసినవారికి మనసు చదివే శిక్షణ ఉండదు. రోజుల తరబడి నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ‘నేను లేకపోతేనే నయం’ వంటి మాటలు వినిపిస్తే సొంతంగా హితబోధ చేయడం సరికాదు. ఆ విద్యార్థిని ఒంటరిగా వదలకుండా కౌన్సెలర్ లేదా మానసిక వైద్యుని వద్దకు వెంటనే తీసుకెళ్లాలి. ఏ నంబరుకు ఫోన్ చేయాలో, ఎవరి దగ్గరకు పంపాలో ముందే తెలిసి ఉండాలి. అందుకే సిబ్బంది శిక్షణ ఐచ్ఛికం కాదు.

తల్లిదండ్రులు ఏం చేయాలి?

ప్రవేశం రోజునే మెంటార్ పేరు, కలిసే వేళలు తెలుసుకోవాలి. ఏడాదికి రెండుసార్లైనా స్వయంగా వెళ్లి మాట్లాడాలి. ఫోన్‌లో ‘మార్కులెన్ని?’ అన్న ప్రశ్నకు ముందు ‘తిన్నావా, నిద్ర పడుతోందా?’ అని అడగాలి. ‘నీ కోసం అప్పు చేశాం’ అన్న మాట పదేపదే వినే పిల్లలు తప్పిన పరీక్షను దాస్తారు. దాచిన ఒక్క సబ్జెక్టే తర్వాత ఏడాది చదువును మింగేస్తుంది. కళాశాల నుంచి పిలుపు వస్తే పిల్లవాడిని అక్కడే నిలదీయకుండా, మెంటార్ చెప్పేది పూర్తిగా వినాలి. ఒక సబ్జెక్టు తప్పడం జీవితం తప్పడం కాదు. సప్లిమెంటరీ పరీక్షలున్నది అందుకే.

విద్యార్థులు కూడా మెంటార్ పిలిచే వరకు ఆగనవసరం లేదు. అర్థం కాని పాఠం, తిరగని చేయి, చాలని డబ్బు, పొసగని గది సహచరుడు, వీటిలో ఏదీ చెప్పకూడనంత చిన్నది కాదు, చెప్పలేనంత పెద్దదీ కాదు.

మొదట్లో ఊహించుకున్న ఆ లంక కుర్రవాడి దగ్గరకు మళ్లీ వద్దాం. మొదటి ఇంటర్నల్ తప్పిన వారంలోనే ఒక అధ్యాపకుడు అతణ్ని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, ‘మైనం దిమ్మ ఇలా పట్టుకో’ అని చూపించి, ‘ఇంట్లో చెప్పావా?’ అని అడిగితే చాలు. ఆ సాయంత్రం ఇంటికి చేసే ఫోన్‌లో అతను నిజం చెబుతాడు. కళాశాలలు పెట్టుకోవలసిన ఖర్చు నెలకు ఒక్కో విద్యార్థికి అరగంట.

సాయం కావాలంటే

టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, ఉచితం): 14416
ర్యాగింగ్ నిరోధక జాతీయ సహాయ కేంద్రం: 1800-180-5522